మబ్బు పట్టని సాయంత్రం

గువ్వలగట్టు మీది వేధశాలకు వచ్చే పరిశోధక విద్యార్థుల్లో వారిజ అనే అమ్మాయి ఉండేది. చదువులో మహా చురుకు, కానీ తప్పు చేశానని ఒప్పుకోవాలంటే మాత్రం ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది.

చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో గాజుగ్లాసు పగిలితే ముక్కలు ఏరి పక్కింటి పెరట్లో పారేసి వచ్చేది. కాలేజీ ల్యాబులో థర్మామీటరు విరిగితే దాన్ని ఒద్దికగా డబ్బాలో పెట్టి మూత వేసేది. మర్నాడు ఆ డబ్బా తెరిచినవాడి పని అయిపోయేది. ఇందులో చెడ్డబుద్ధి ఏమీ లేదు, వట్టి భయం. నలుగురి ముందు తల దించుకోవాల్సి వస్తుందేమోనని ఆమెకు ఎప్పుడూ గుండెలో దడగా ఉండేది.

ఆ కొండ మీద ఒక్క సాయంత్రం దొరకడమే గగనం. టెలిస్కోపు ఒకటి, అడిగేవాళ్ళు నలభైమంది. యూనివర్సిటీ ప్రొఫెసర్లు, పరిశోధక విద్యార్థులు, ఊళ్ళ కాలేజీల లెక్చరర్లు అందరూ ఆర్నెల్ల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ నక్షత్రాన్ని చూస్తారు, ఎందుకు చూస్తారు, ఎన్ని గంటలు కావాలి, అన్నీ వివరంగా రాయాలి. అయిదుగురు పెద్దల కమిటీ కూర్చుని వాటిని జల్లెడ పట్టేది. వారిజ రెండుసార్లు అడిగి లేదనిపించుకుంది. మూడోసారి, పరిశోధనలో నాలుగో ఏడు నడుస్తుండగా, జనవరిలో మూడు సాయంత్రాలు ఇచ్చారు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది తేదీలు. రోజూ ఏడింటి నుంచి పదింటి దాకా. పది దాటితే చంద్రుడు లేచేవాడు. వెన్నెల్లో మసక నక్షత్రాలు కనిపించవు కనుక ఆ వారమంతా అంతటితో టెలిస్కోపు మూసేసేవారు.

ఆ తొమ్మిది గంటల మీదే ఆమె థీసిస్ ఆధారపడి ఉంది.

అక్కడ ఒక నియమం ఉండేది. మబ్బు పట్టి సమయం పోతే, ఆ సమయం మళ్ళీ ఇస్తారు. సొంత పొరపాటు వల్ల పోతే మాత్రం పోయినట్టే. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఆర్నెల్ల వరస. ఏది ఎందువల్ల పోయిందో తెలియడానికి ఎర్ర అట్ట లాగ్‌బుక్కు ఒకటి పెట్టారు. ఎవరు వచ్చారు, ఎంతసేపు చూశారు, ఎంత సమయం పోయింది, ఎందుకు పోయింది, ఇదంతా ఏ రోజుది ఆ రోజే అందులో రాయాలి. రాసినదాన్ని ఎవరూ తనిఖీ చేసేవారు కాదు. చూసినవారు రాసిందే నిజం. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కొండ మీద పని ఆ నమ్మకం మీదే నడుస్తోంది.

ఆ పుస్తకాన్ని కాపాడేది సైదులు. టెలిస్కోపు గుమ్మటం తెరిచి మూసే ఉద్యోగం ఆయనది. గుమ్మటం తెరిచి, టెలిస్కోపును వచ్చినవారు అడిగిన వైపు తిప్పి పెట్టి, కింద మోటార్ల గదిలో కూర్చునేవాడు. యాభై ఏడేళ్ళ మనిషి. పుస్తకాన్ని ఖాకీ గుడ్డ సంచిలో పెట్టుకుని, అవసరమైతే సిటీ దాకా తానే మోసుకెళ్ళేవాడు గాని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

పదహారో తేదీ సాయంత్రం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వారిజ తన నక్షత్రం చుట్టుపక్కల చుక్కలు గీసిన పటం చేత్తో పట్టుకుని, టెలిస్కోపు తెర మీద ఆ చుక్కల్ని పోల్చుకుంది. మూడు గంటలపాటు ఫొటోల మీద ఫొటోలు తీసింది. పదిహేడున కూడా అంతే.

ఆ రాత్రి కిందికి దిగి వస్తుంటే సైదులు పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. "బుక్కులో రాసిపోండి మేడం."

"మూడు రోజులదీ కలిపి ఒకేసారి నీటుగా రాస్తాలెండి సైదులు గారూ."

"ఏ రోజుది ఆ రోజే రాయాలన్నారు పెద్దాళ్ళు."

"రేపు రాస్తానన్నానుగా."

సైదులు పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం, గెస్ట్‌హౌసులో అన్నం తిని, వారిజ తన ఫొటోలనూ పటాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. చూసుకున్నదల్లా చేతిలో గ్లాసు టేబుల్ మీద పెట్టేసింది. పటంలో తన నక్షత్రానికి ఎడమవైపు మూడు చుక్కలున్నాయి. ఫొటోలో కూడా మూడు చుక్కలు ఎడమవైపే ఉన్నాయి, కుడివైపున ఉండాల్సినవి. అంటే మధ్యలో ఉన్నది తన నక్షత్రం కాదు.

ఆ టెలిస్కోపులో ఆకాశం అద్దంలో బొమ్మలా కుడిఎడమలు మారి కనిపిస్తుంది. అందుకని పటాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టుకుని చూడాలి. ఇది అక్కడ మొదటిరోజు నేర్చుకునే పాఠం. జూనియర్లకు ఆ పాఠం చెప్పిందే వారిజ. "పటం తిప్పి పట్టుకోండి, లేకపోతే పక్కింటివాళ్ళకు దణ్ణం పెట్టి వస్తారు" అని వాళ్ళను నవ్వించేది కూడా. ఇప్పుడు తానే ఆత్రంలో పటం తిప్పడం మరిచి, రెండు సాయంత్రాలు పక్కింటి నక్షత్రానికి దణ్ణం పెట్టి వచ్చింది.

"ఇవాళ ఉంది కదా, ఇవాళ ఒక్కరోజైనా దక్కుతుంది" అని ధైర్యం చెప్పుకుంది. కానీ నాలుగు గంటలకు తూర్పు నుంచి మబ్బు మొదలైంది. ఆరింటికి గట్టు మొత్తం కప్పేసింది. ఏడు నుంచి పది వరకూ ఆమె గుమ్మటంలో కూర్చునే ఉంది. ఒక్క చుక్క కూడా కనపడలేదు.

పదింటికి సైదులు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. వారిజ పెన్ను మూత తీసింది. పద్దెనిమిదో తేదీ ఎదురుగా 'మబ్బు. మూడు గంటలూ పోయాయి' అని రాసింది. అది నిజమే. పైన పదహారు, పదిహేడు తేదీల గళ్ళు రెండూ ఖాళీగా ఉన్నాయి.

'తప్పు నక్షత్రం చూశాను' అని రాస్తే కమిటీలో అందరూ చదువుతారు. నాలుగో ఏడు విద్యార్థిని పటం తిప్పడం మరిచిందట అని డిపార్ట్‌మెంటంతా నవ్వుతుంది. పోయిన సమయం మళ్ళీ రాదు. థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది. గైడు భ్రమరాంబ మేడం ముఖం ఎలా పెడుతుందో! కిటికీ బయట మబ్బు ఎదురుగా ఉంది. ఆ మబ్బును కొంచెం వెనక్కి లాగితే చాలు అనిపించింది. ఎవరికి నష్టం? టెలిస్కోపుకు నోరుందా, ఆకాశానికి నోరుందా?

రెండు ఖాళీ గళ్ళలోనూ 'మబ్బు' అని రాసేసింది. రెండు అక్షరాలే. తొందరలో రెండోసారి రాసింది కొంచెం వంకరగా వచ్చింది.

కొండ మీది కంప్యూటర్లోంచి ఫొటోలు తుడిచేసింది. తన పెన్‌డ్రైవులోవి మాత్రం తుడవలేకపోయింది. తీసిన ఫొటోను జాడ లేకుండా చెరిపెయ్యడానికి ఖగోళం చదివినవాళ్ళకు చెయ్యి రాదు.

సైదులు పుస్తకం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"నిన్న, మొన్న కూడా మబ్బేనా మేడం? నేను పైకొచ్చినప్పుడు చుక్కలు కనపడ్డట్టే ఉంది నాకు."

"మీరు వచ్చినప్పుడు కాస్త విడిచి ఉంటుంది. సన్నటి మబ్బు. ఫొటోలు పాడవడానికి అది చాలు."

"అంతేలెండి. మీరు చదువుకున్నోళ్ళు, తెరమీద చూశారు. నేను కింద కూర్చునేవాణ్ణి." ఆయన పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, సంచి తాడు రెండు ముళ్ళు వేశాడు.

యూనివర్సిటీకి తిరిగొచ్చాక భ్రమరాంబ మేడం ఒక్క మాట కూడా అనలేదు. పైగా జాలిపడింది. "మబ్బుకు ఎవరేం చేస్తారమ్మా! మార్చిలో మూడు సాయంత్రాలు ఇప్పిస్తాను, దిగులు పడకు" అంది. వారిజ తల ఊపింది. ఆ పూట ఆమెకు పెరుగన్నం కూడా సహించలేదు.

మూడు రోజులు గడిచాయి. ఇరవై ఒకటో తేదీ కమిటీకి ఒక అత్యవసర దరఖాస్తు వచ్చింది. గువ్వలగట్టుకు పన్నెండు మైళ్ళ దూరంలో ముత్యాలపాడు అనే ఊరుంది. అక్కడి డిగ్రీ కాలేజీలో రెండో ఏడు చదివే నస్రీన్ అనే అమ్మాయి రాసింది. కాలేజీ మేడ మీద చిన్న టెలిస్కోపు ఉందనీ, ఏడాదిగా ప్రతి సాయంత్రం ఒక మసక నక్షత్రాన్ని చూసి దాని వెలుగు ఎంతుందో నోటుబుక్కులో రాస్తున్నాననీ, జనవరి పదిహేడు సాయంత్రం అది ఉన్నట్టుండి పదింతలు వెలిగిందనీ ఆ దరఖాస్తు సారాంశం. 'ఇలాంటి నక్షత్రాలు ఏళ్ళకొకసారి వెలిగి పది రోజుల్లో ఆరిపోతాయని చదివాను. ఆరిపోయేలోగా పెద్ద టెలిస్కోపుతో రెండు గంటలు చూడనిస్తారా?' అని చివర అడిగింది.

భ్రమరాంబ మేడం కమిటీకి అధ్యక్షురాలు. సమావేశంలో ఎవరేమన్నారో రాసిపెట్టే పని ఆమె దగ్గర చదివే విద్యార్థులది. ఆ నెల వంతు వారిజది. అలా ఇరవై మూడో తేదీ ఉదయం ఆమె కాగితాలు పట్టుకుని ఆ గదిలో ఓ మూల కూర్చుంది.

కమిటీ పిలిస్తే నస్రీన్ తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. సన్నగా, నీలం దుపట్టా బిగించి కప్పుకుని, నోటుబుక్కును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కమిటీలో విఠల్‌రావు గారని ఒక పెద్దమనిషి ఉండేవాడు. న్యాయం తప్పని మనిషి, కాకపోతే కాగితం మీద లేనిది ఆయన నమ్మడు. ఆయన ముందున్న బల్ల మీద సైదులు తెచ్చి ఇచ్చిన ఎర్ర అట్ట పుస్తకం ఉంది.

"పదిహేడు సాయంత్రం ఎన్ని గంటలకు చూశావమ్మా?" అన్నాడు.

"ఏడున్నరకు సార్. మళ్ళీ ఎనిమిదిన్నరకు. తొమ్మిదికి ఇంకోసారి."

"ఆకాశం ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది సార్. పదహారున కూడా బాగుంది. పద్దెనిమిదిన మాత్రం మబ్బు, ఏమీ కనపడలేదు. అదీ రాశాను, చూడండి." నోటుబుక్కు తిప్పి చూపించింది.

వారిజ చేతిలో పెన్ను ఆగిపోయింది.

విఠల్‌రావు గారు ఎర్ర పుస్తకం ఆ పిల్లవైపు తిప్పాడు. "గట్టు మీద మూడు రోజులూ మబ్బే. ఇదిగో చూడు. పన్నెండు మైళ్ళలో నీకొక ఆకాశం, మాకొక ఆకాశం ఉంటుందా?"

నస్రీన్ ఆ పేజీ చదివింది. మళ్ళీ చదివింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"కానీ నేను చూశాను సార్."

"చూశావనే అంటున్నావు. మబ్బులోంచి ఎలా చూశావో చెప్పు."

భ్రమరాంబ మేడం కల్పించుకుంది. "గట్టు మీద ఆకాశాన్ని తీసే చిన్న కెమెరా ఉంది కదా?"

"దాని వైరు కోతులు కొరికేసి నెలయింది మేడం" అన్నాడు సైదులు గుమ్మం దగ్గర నుంచి.

"పోనీ, నువ్వు ఉన్నావుగా అక్కడ. నీకేమైనా గుర్తుందా?"

సైదులు తల గోక్కున్నాడు. వారిజ వైపు ఒకసారి చూశాడు. అందులో నిందేమీ లేదు, వట్టి తికమక. "నాకైతే చుక్కలు కనపడ్డట్టే గుర్తు మేడం. కానీ బుక్కులో మబ్బని ఉందిగా. బుక్కు తప్పు చెప్పదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నా కళ్ళకే ఏదో అయ్యుంటుంది."

"పది నిమిషాలు ఆ నక్షత్రం వైపు తిప్పి చూస్తే తేలిపోతుంది కదా?" అంది మేడం.

"ఎవరి పది నిమిషాలు?" అన్నాడు విఠల్‌రావు గారు. "ఈ నెలంతా పంచేశాం. ఒకరికిచ్చిన సాయంత్రంలో కోత పెట్టాలంటే అడిగేవారి మాట నమ్మదగినదై ఉండాలి. ఆ నియమం పెట్టింది మనమే. ఇవాళ దీన్ని నమ్మితే రేపు ప్రతివాడూ ఏదో వెలిగిందని వస్తాడు."

ఆ గదిలో నిజం తెలిసింది ఒక్కరికే. మాట్లాడాల్సింది కూడా ఆ ఒక్కరే. వారిజ రాసిన మాట మీదే మళ్ళీ రాస్తూ కూర్చుంది. ఇప్పుడు చెప్తే అందరి ముందూ చెప్పాలి. సాయంత్రం మేడంతో ఒంటరిగా చెప్దామనుకుంది.

సాయంత్రం మేడమే ఆమెను పిలిచి ఒక చీటీ ఇచ్చింది. "ఈ ఉత్తరం టైపు చేసి ఆ అమ్మాయికి పంపించమ్మా."

చీటీలో ఇలా ఉంది: 'మీరు సమర్పించిన వివరాలు వేధశాల లాగ్‌బుక్కుతో సరిపోవడం లేదు. అవి నమ్మదగినవి కావని కమిటీ భావించింది.'

"మేడం..." అంది వారిజ.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు మేడం. ఇవాళే పంపాలా?"

"ఇవాళే. పాపం, ఆశ పెట్టుకుని ఉంటుంది."

వారిజ టైపు చేసింది. 'నమ్మదగినవి కావని' అన్న మాట దగ్గర వేళ్ళు ఆగాయి. అయినా కొట్టింది. పంపించింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమెకు కుదురు లేదు. హాస్టల్లో కంచం ముందు కూర్చుని లేచిపోయేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. పొద్దుగూకితే చాలు, మేడెక్కి ముత్యాలపాడు ఉన్న వైపు చూసేది. అక్కడి నుంచి ఏమీ కనపడదని తెలిసీ చూసేది. ఆకాశం నాలుగు రోజులూ నిర్మలంగా ఉంది. ఆ నక్షత్రం వెలుగుతూ ఉండి ఉంటుంది, రోజురోజుకూ తగ్గుతూ ఉండి ఉంటుంది. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది అని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. రేపు చెప్తాను అనుకునేది. తెల్లారాక ఇంత ఆలస్యంగా ఎలా చెప్పను అనుకునేది. మొదటిరోజు ఒక్క తప్పు దాచింది. ఇప్పుడు దాన్ని దాచానన్న సంగతి దాచాలి. టైపు చేసి పంపిన సంగతి కూడా దాచాలి. మోత పెరుగుతోందే గాని తగ్గడం లేదు.

ఇరవై ఏడో తేదీ ఉదయం నస్రీన్ దగ్గర నుంచి జవాబు వచ్చింది. కమిటీకి వచ్చే ఉత్తరాలు మొదట తెరిచేది వారిజే.

'పెద్దలకు నమస్కారం. మీ ఉత్తరం అందింది. పెద్ద టెలిస్కోపు దగ్గరే మబ్బు ఉన్నప్పుడు నేను చూసింది ఇంకేదో అయ్యుండాలి. నాకు అనుభవం తక్కువ. మా నోటుబుక్కులో పదిహేడో తేదీ పేజీ కొట్టేశాను. దాని తర్వాతి పేజీల మీద కూడా నాకు నమ్మకం పోయింది, అందుకని చూడడం ఆపేశాను. మీ సమయం వృథా చేసినందుకు క్షమించండి.'

వారిజ ఆ ఉత్తరాన్ని కదలకుండా చదివింది. 'క్షమించండి' అన్న మాటను మళ్ళీ చదివింది. నిజం చూసిన పిల్ల క్షమాపణ అడిగింది. నిజం రాసిన పేజీని తన చేత్తో తానే కొట్టేసుకుంది. వారిజ రాసిన అబద్ధం మాత్రం ఎర్ర అట్టలో భద్రంగా ఉంది. సైదులు దానికి రెండు ముళ్ళు వేసి మరీ కాపాడుతున్నాడు.

పెన్‌డ్రైవు తీసుకుని, తిన్నగా మేడం గదికి నడిచింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరగబోయి మళ్ళీ నడిచింది. తలుపు తట్టే ముందే తలుపు తోసేసింది, తడితే మళ్ళీ ఆగిపోతానేమోనని.

"మేడం, పదహారున మబ్బు లేదు. పదిహేడున కూడా లేదు."

భ్రమరాంబ మేడం చదువుతున్న కాగితం కింద పెట్టింది.

"పటం తిప్పడం మరిచిపోయాను మేడం. రెండు రోజులూ తప్పు నక్షత్రం చూశాను. పుస్తకంలో మబ్బని రాశాను. ఫొటోలు ఇవిగో, ప్రతి దాని మీదా టైము ఉంది. ఏడున్నరవి ఉన్నాయి, ఎనిమిదిన్నరవి ఉన్నాయి, తొమ్మిదివి ఉన్నాయి. చుక్కలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ అమ్మాయి చెప్పింది నిజం."

మేడం ఫొటోలు ఒక్కొక్కటీ చూసింది. వారిజ తిట్ల కోసం ఎదురుచూసింది. అవి వస్తే బాగుండునని కూడా అనుకుంది.

"పటం తిప్పడం నేను కూడా మరిచిపోయాను ఒకసారి" అంది మేడం చివరికి. "పుస్తకంలో ఉంటుంది, వెతికి చూసుకో. రాశాను. నెల్లాళ్ళు అందరూ నవ్వారు, తర్వాత మరిచిపోయారు. నవ్వితే ఏం పోతుంది వారిజా?" ఆమె ఫొటోల మీంచి తల తిప్పి వారిజను చూసింది. "నాలుగు రోజుల కింద ఈ గదిలోనే నీకు చీటీ ఇచ్చాను. అప్పుడు నోరు తెరిచి ఉంటే ఆ పిల్లకు ఇంకా నాలుగు రోజుల వెలుగు దక్కేది. అది నేను తెచ్చివ్వగలనా? నువ్వు తెచ్చివ్వగలవా?"

వారిజ ఏడ్చింది. మేడం ఊరుకోబెట్టలేదు. ఫోను అందుకుని విఠల్‌రావు గారికి విషయం చెప్పింది. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "రేపటి సాయంత్రం నా వంతు. మూడు గంటలూ ఆ అమ్మాయికే ఇచ్చేయండి. ఆ రోజు ఆమెను అడిగిన తీరుకు నేను క్షమాపణ చెప్పానని చెప్పండి" అన్నాడు. ముత్యాలపాడుకు మేడమే స్వయంగా ఫోను చేసింది.

మర్నాడు సాయంత్రం వారిజ కూడా గట్టెక్కింది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, వెళ్ళకుండా ఉండలేకపోయింది. నస్రీన్ అప్పటికే గుమ్మటంలో ఉంది. సైదులు టెలిస్కోపును తిప్పి పెట్టాడు. నస్రీన్ పటాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టుకుని చుక్కలు పోల్చుకుంది. ఎవరూ చెప్పకుండానే తిప్పింది. వారిజ చూసి తల దించుకుంది.

తెర మీద నక్షత్రం కనిపించింది. మసకగా, చుట్టూ ఉన్నవాటిలో ఒకటిగా ఉంది. వెలుగు అయిపోయింది. మామూలు రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది.

నస్రీన్ మూడు గంటలూ ఫొటోలు తీసింది. ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. అంతా అయ్యాక వారిజ దగ్గరికి వచ్చింది.

"అక్కా, పదిహేడున నిజంగా చుక్కలు ఉన్నాయా? ఒక్కసారి చూపిస్తారా?"

వారిజ ఫొటో తెరిచి చూపించింది. మూలన సమయం ఉంది: ఏడు గంటల ముప్ఫై రెండు నిమిషాలు. ఫొటో నిండా చుక్కలు. వాటిలో నస్రీన్ నక్షత్రం లేదు, అది ఆకాశంలో ఇంకో వైపుంది. అయినా ఆ పిల్ల ఆ ఫొటోనే చూస్తూ నిలబడింది.

"అయితే నేను చూశాను" అంది మెల్లగా. కళ్ళు తుడుచుకుంది. "పేజీ కొట్టెయ్యమని ఎవరూ చెప్పలేదక్కా. నాకే నా కళ్ళ మీద నమ్మకం పోయింది."

"నన్ను క్షమించు నస్రీన్."

నస్రీన్ వెంటనే సరేననలేదు. "ఇది మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందో తెలీదు. ఎనిమిదేళ్ళు పట్టొచ్చు, పదేళ్ళు పట్టొచ్చు" అంది. పటాన్ని మడిచి, "వెలిగినప్పుడు ఫోన్ చేస్తాను, రండి" అంది.

సైదులు పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకంలో దేన్నీ చెరపకూడదు, తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన నిజం రాయాలి. వారిజ రెండు 'మబ్బు'ల మీదా గీత గీసింది. పక్కన ఇలా రాసింది: 'ఆకాశం నిర్మలంగా ఉంది. పటం తిప్పకుండా పట్టుకుని తప్పు నక్షత్రాన్ని చూశాను. ఆరు గంటలు నా పొరపాటు వల్ల పోయాయి. మబ్బు అని రాసింది అబద్ధం.' కింద సంతకం చేసి ఆ రోజు తేదీ వేసింది. ఈసారి అక్షరాలు వంకర పోలేదు.

సైదులు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి మాటా కూడబలుక్కుని చదివాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"నిన్న టౌనుకెళ్ళి కళ్ళు చూపించుకోడానికి డాక్టరు దగ్గర రేపటికి చీటీ రాయించుకొచ్చా మేడం. ఇక వెళ్ళక్కర్లేదన్నమాట" అన్నాడు.

ఆ మాటకు వారిజ తలెత్తలేకపోయింది.

మార్చిలో ఆమెకు ఇస్తామన్న మూడు సాయంత్రాలను కమిటీ ముత్యాలపాడు కాలేజీకి ఇచ్చింది. ఏడాది పాటు వారిజ దరఖాస్తు తీసుకునేది లేదని చెప్పింది. థీసిస్ ఏడాది ఆలస్యమైంది. డిపార్ట్‌మెంటులో అందరూ నవ్వారు కూడా, సరిగ్గా నెల్లాళ్ళు. ఆ తర్వాత మరిచిపోయారు. ఏడాది తిరిగాక వారిజ మళ్ళీ గట్టెక్కింది. మొదటి సాయంత్రమే కెమెరా మూత తీయడం మరిచి పన్నెండు నిమిషాలు పోగొట్టుకుంది. ఆ రోజే, అప్పుడే, సైదులు అడగకముందే పుస్తకంలో రాసింది: 'పన్నెండు నిమిషాలు, నా పొరపాటు.'

మన తప్పును మనం ఒప్పుకుంటే ఆ నష్టం మనతోనే ఆగుతుంది; దాన్ని దాచడానికి అబద్ధమాడితే, అది ఏ తప్పూ చేయని మరొకరి నిజాన్ని అబద్ధం చేస్తుంది.